ఇంట్లో పాము కనిపిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్‌లో రెండు వానలు పడ్డాయంటే నా ఫోనుకి పాముల ఫోటోలు రావడం మొదలవుతుంది. సగం ఫోటోల్లో పాము ఉండదు. చీపురు, బకెట్, పక్కింటాయన కాలు ఉంటాయి. మిగతా సగంలో ఉండేది ఎక్కువగా జెర్రిపోతో నీరుకట్టో. పంపినవాళ్ళ గొంతు మాత్రం నాగుపాము పడగ కింద నిలబడి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. మా ఊరు తెనాలి దగ్గర. పాములు పట్టే మిత్రుడి వెనకాల సంచీ, టార్చిలైటు మోస్తూ పదిహేనేళ్ళు తిరిగాను. నేను డాక్టర్ని కాదు. కాటు పడ్డాక నా దగ్గర ఉన్న మాట ఒక్కటే, ఆసుపత్రికి పదండి అని. అంతకుముందు జనం అడిగేవాటికి మాత్రం నాకు తెలిసిన జవాబులు ఇవి.

ఇంట్లో పాము కనిపించింది. ముందు ఏం చేయాలి?

ఉన్నచోటే ఆగి, మెల్లగా వెనక్కి రండి. పాము తన పొడవులో మూడో వంతు నుంచి సగం దాకా మాత్రమే ముందుకు విసరగలదు. నాలుగైదు అడుగుల నాగుపాముకి మీరు ఏడెనిమిది అడుగుల దూరంలో ఉంటే అది మిమ్మల్ని ఏమీ చేయలేదు. పిల్లల్నీ కుక్కనీ బయటికి పంపండి. ఒక మనిషి మాత్రం పాము మీద నుంచి చూపు తీయకూడదు. ఇదే అందరూ మర్చిపోయేది. అందరూ కర్ర కోసం పరిగెత్తుతారు, తిరిగొచ్చేసరికి పాము ఉండదు. ఆ తర్వాత ఆ ఇంట్లో మూడు రోజులు ఎవరికీ నిద్ర ఉండదు.

పాము గదిలో ఉంటే తలుపు వేసి, కింద సందులో తడి తువ్వాలు కుక్కండి. వరండాలోనో పెరట్లోనో ఉంటే దానికి దారి వదిలేయండి, చాలాసార్లు అదే పోతుంది. వేడినీళ్ళు పోయడం, కిరసనాయిలు చల్లడం, చీపురుతో నెట్టడం వద్దు. నాకు తెలిసిన కాట్లలో కొన్ని పాము వచ్చి వేసినవి కావు, మనిషి వెళ్ళి వేయించుకున్నవి.

ఫోటో ఎలా తీస్తే గుర్తుపట్టగలరు?

తల దగ్గర నుంచి తీయాలని అందరూ ముందుకు పోతారు. వద్దు. దూరంగా నిలబడి జూమ్ చేసి ఒళ్ళంతా పడేలా ఒకటి తీయండి, వీలైతే తోక కనబడేలా ఇంకొకటి. పక్కన గచ్చు టైలో చెప్పులో కూడా పడితే పొడవు అంచనా దొరుకుతుంది. వీపు మధ్య భాగం స్పష్టంగా ఉంటే తల కనబడకపోయినా చాలావరకు చెప్పొచ్చు.

మన దగ్గర నిజంగా ప్రమాదమైన పాములు ఎన్ని?

ఆంధ్రలో, తెలంగాణలో ఇళ్ళ చుట్టూ తిరిగేవాటిలో ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. దేశంలో పాముకాటు చావుల్లో ఎక్కువ భాగం ఈ నాలుగింటి ఖాతాలోవే. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు తయారయ్యేది కూడా ఈ నాలుగింటి విషానికే.

రాచనాగు సంగతి కూడా అడుగుతారు. అది తూర్పు కనుమల పాము. పాడేరు వైపు, శ్రీకాకుళం కొండవాలు ఊళ్ళల్లో కనిపిస్తుంది. గుంటూరులో మీ బాత్‌రూమ్‌లో దూరింది రాచనాగు కాదు.

నాగుపామా, జెర్రిపోతా? రెండూ ఒకేలా ఉన్నాయి.

పడగ విప్పితే అనుమానమే లేదు. కానీ నాగుపాము ఎప్పుడూ పడగ విప్పి తిరగదు. తన మానాన తాను పోతున్నప్పుడు అది కూడా మామూలు గోధుమరంగు పామే. పడగ వెనక కళ్ళజోడు గుర్తు కూడా అన్నింటికీ ఉండదు. కొన్నింటికి మసకగా ఉంటుంది, కొన్నింటికి అసలే ఉండదు.

జెర్రిపోతుకి కళ్ళు పెద్దవి, మెడ సన్నం, తల విడిగా తెలుస్తుంది. పెదవుల మీద నల్లటి నిలువు గీతలు ఉంటాయి, సూదీదారంతో కుట్లు వేసినట్టు. ఇవి జూమ్ చేసిన ఫోటోలో బాగా కనబడతాయి. ఒంటి వెనక సగంలో, తోక మీద నల్ల చారలుంటాయి. నాగుపాము తల మెడలో కలిసిపోయినట్టుంటుంది, కన్ను చిన్నది, ఒళ్ళు నూనె రాసినట్టు నున్నగా మెరుస్తుంది. నడకలో కూడా తేడా ఉంది. మనిషి అలికిడికి జెర్రిపోతు రివ్వున పోతుంది. నాగుపాము తరచు ఆగి, తల లేపి, ‘నువ్వు పోతావా నేను పోవాలా’ అన్నట్టు చూస్తుంది. ఏడడుగుల పాము గోడెక్కి పెంకుల మీదికి పాకిందంటే దాదాపుగా జెర్రిపోతే.

జెర్రిపోతు తోకతో కొడితే ఒళ్ళు కుళ్ళిపోతుందని, ఆవు కాళ్ళకి చుట్టుకుని పాలు తాగుతుందని మా నాయనమ్మ కాలం నుంచి వింటున్నాను. రెండూ అబద్ధమే. దానికి విషం లేదు. పట్టుకుంటే కరుస్తుంది, రక్తం వస్తుంది, అంతే. ఎలుకల్ని తినడంలో దానికి సాటి లేదు. ఇంకో మాట. రెండు జెర్రిపోతులు నిలువుగా లేచి మెలికలు పడుతుంటే అది సరసం అనుకుని కొత్త బట్ట కప్పేవాళ్ళున్నారు. చాలావరకు అది రెండు మగపాముల కొట్లాట.

కట్లపాము అంటున్నారు, కాదంటున్నారు. తేడా ఎలా తెలుస్తుంది?

నాకొచ్చే ఫోటోల్లో అన్నిటికన్నా తలనొప్పి ఇదే. ఇక్కడ పొరబడితే ఆ పొరపాటు ఖరీదు ప్రాణం. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కట్లపాము ఉక్కు నలుపులో ఉంటుంది, దాని మీద సన్నటి తెల్ల కట్లు. ఆ కట్లు చాలాసార్లు రెండేసి జంటగా వస్తాయి. తల దగ్గర నుంచి కొంత దూరం కట్లు ఉండవు, లేదా చుక్కల్లా ఉంటాయి. తోక వైపు పోయేకొద్దీ స్పష్టమవుతాయి. దీన్ని పోలిన విషం లేని పాము ఒకటుంది. పుస్తకాల్లో దాన్ని తోడేలు పాము అంటారు. మా వైపు జనానికి దానికి వేరే పేరే లేదు, అదీ కట్లపామే. దాని ఒళ్ళు గోధుమరంగు, మెడ దగ్గరే తెల్ల పట్టీ మొదలవుతుంది. కట్లు కాస్త వెడల్పుగా ఉండి పక్కలకి చీలి వలలా కలుస్తాయి, తోక వైపు మసకబారిపోతాయి. అంటే కట్లపాముకి సరిగ్గా తిరగేసిన వరస.

పక్కాగా చెప్పే గుర్తు వీపు మధ్యలో ఉంది. కట్లపాము వెన్నుగీత వెంట పొలుసులు పక్కవాటికంటే పెద్దవి, ఆరు పలకలవి, ఒకదాని వెనక ఒకటి గొలుసులా పేర్చినట్టు ఉంటాయి. తోడేలు పాముకి వీపు పొలుసులన్నీ ఒకే సైజు. జూమ్ చేసిన ఫోటోలో ఇది దొరికితే ఇంక వాదన అక్కర్లేదు.

ప్రవర్తన కూడా సాయపడుతుంది. తోడేలు పాము బల్లుల కోసం గోడలెక్కుతుంది. ట్యూబ్‌లైట్ వెనక, కిటికీ రెక్క మీద, మీటర్ బోర్డు దగ్గర కనిపించిందంటే ముందు దాన్నే అనుమానించాలి. కట్లపాము ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. అయితే ‘గోడ మీద ఉంది కదా, ఇది తోడేలు పామే’ అని చెయ్యి పెట్టకండి. పిల్ల కట్లపాముకి కట్లు మెడ దాకా ఉండొచ్చు. అనుమానం తీరేదాకా కట్లపామనే అనుకోవాలి. మా ఇంట్లో ఒక రాత్రి గిన్నెల స్టాండు వెనక నేను కట్లపాము అన్నది చివరికి తోడేలు పాము అని తేలింది. మిత్రుడు ఇప్పటికీ నవ్వుతాడు. అటువైపు తప్పితే నవ్వు, ఇటువైపు తప్పితే నవ్వడానికి మనిషి మిగలడు.

కట్లపాము అంటే అంత భయం ఎందుకు?

అది రాత్రి తిరుగుతుంది, దాని కాటు నొప్పి పుట్టదు. కోరలు చిన్నవి. చీమో దోమో కుట్టినట్టు ఉంటుంది, కొందరికి అదీ తెలియదు. వేసవిలో చాప వేసుకుని నేల మీద పడుకుంటాం. పాము తిండి వెతుక్కుంటూ పక్కకి వస్తుంది, నిద్రలో మన చెయ్యి దాని మీద పడుతుంది. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో కడుపునొప్పి, వాంతులు. ఇంట్లోవాళ్ళు గ్యాస్ అనుకుని వాము నీళ్ళు ఇస్తారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి అందదు.

నేల మీద పడుకున్న మనిషికి రాత్రివేళ ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చి, రెప్పలు బరువెక్కుతుంటే కాటు గుర్తు కోసం వెతుకుతూ కూర్చోకండి. బండి తీయండి. ఇలాంటి రోగికి విరుగుడుతో పాటు చాలాసార్లు వెంటిలేటర్ కావాలి. చలనం లేక చనిపోయినట్టు పడి ఉన్నా లోపల స్పృహ ఉండొచ్చు. ఊపిరి ఆడించగలిగితే కొన్ని రోజుల్లో లేచి కూర్చున్నవాళ్ళున్నారు.

మంచం, దాని మీద దోమతెర, తెర అంచులు పరుపు కిందికి గట్టిగా దోపడం. కట్లపాముకి ఇంతకంటే చవకైన అడ్డు లేదు.

ఇంటి వెనక లావుగా, మచ్చలతో చుట్టుకుని పడుకుంది. కొండచిలువ పిల్లేనా?

ఇలా అనుకునే కొందరు చేత్తో ఎత్తారు. కొండచిలువ పిల్ల, ఇసుకలో ఉండే మొద్దుతోక పాము, రక్తపింజర, మూడూ లావుగా మచ్చలతో ఉంటాయి. రక్తపింజర వీపున మూడు వరసల గుండ్రటి మచ్చలుంటాయి. ఒక్కోటి నల్ల అంచుతో, గొలుసు లంకెల్లా సరిగ్గా వరసలో ఉంటాయి. కొండచిలువ మచ్చలు పెద్దవి, వంకరటింకర, దేని ఆకారం దానిది. మొద్దుతోక పాముకి తోక పొట్టిగా మొండిగా ముగుస్తుంది, రక్తపింజరకి సన్నగా ముగుస్తుంది.

కానీ ముందు చెవులే చెబుతాయి. రక్తపింజర బుస ప్రెషర్ కుక్కర్ విజిల్‌కి ముందు ఆవిరి లేచే చప్పుడులా గట్టిగా, ఆగకుండా వస్తుంది. ఆ చప్పుడు వినబడితే మచ్చలు లెక్కపెట్టడం ఆపి వెనక్కి రండి. చూడ్డానికి మందంగా, కదలకుండా ఉంటుంది గానీ కాటు వేసేటప్పుడు దాని వేగం నమ్మశక్యం కాదు. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, ఒక్కో కాన్పులో ఇరవై ముప్ఫై కూడా. దీని విషానికి రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది. కాటు పడిన చోట వాపు, చిగుళ్ళ నుంచి రక్తం, తర్వాత కిడ్నీల దెబ్బ.

ఇసుక పింజర?

చిన్నది, అడుగు నుంచి రెండడుగుల లోపు. రాయలసీమ, తెలంగాణల్లో రాళ్ళు, ఎర్రమట్టి ఉన్న మెట్టనేలల్లో ఎక్కువ. ఒళ్ళు మడతలు పెట్టి పొలుసులు రుద్దితే గరగర మంటుంది, రంపం లాగినట్టు. చిన్నదే కదా అని చెప్పు కింద తొక్కబోవద్దు.

తల త్రికోణంగా ఉంటే విషపుదే, గుండ్రంగా ఉంటే మంచిదే. నిజమేనా?

కాదు. నాగుపాముకీ కట్లపాముకీ తల త్రికోణం కాదు. విషం లేని పాములు భయపడి తల చదును చేసి త్రికోణంలా చూపిస్తాయి. నీరుకట్టె ఆ పనిలో దిట్ట. మెడ కూడా కాస్త వెడల్పు చేస్తుంది, దాంతో పడగ అనుకుని ఇల్లు ఖాళీ చేస్తారు. నీరుకట్టెకి ఒళ్ళంతా చదరంగం గళ్ళు, కంటి కింద నుంచి వాలుగా రెండు నల్ల గీతలు ఉంటాయి. మురుగు కాలువలు, చేపల చెరువులు, వరి మడులు దాని తావులు. కోపం ఎక్కువ, విషం లేదు.

పసిరిక పాము కళ్ళు పొడుస్తుందా? రెండు తలల పాముకి లక్షలు ఇస్తారా?

పసిరిక పాము పాదుల్లో, కంచెల మీద ఆకుపచ్చ తీగలా ఉంటుంది. ముక్కు మొనదేరి ఉండటం వల్ల ఆ కథ పుట్టి ఉంటుంది. దాని కాటు మనిషి ప్రాణానికి ముప్పు కాదు, కళ్ళ మీద దానికి ప్రత్యేకమైన కక్షా లేదు. రెండు తలల పాముది తోక, తల కాదు. మొండిగా ఉండటం వల్ల రెండో తలలా కనబడుతుంది. దాన్ని కొంటామని లక్షల బేరాలు చెప్పేవాళ్ళు మోసగాళ్ళు. ఆ బేరంలో దిగినవాళ్ళు జైలుకి వెళ్ళడం తెలుగు పేపర్లలో తరచు వచ్చే వార్తే.

అసలు మా ఇంటికే ఎందుకొచ్చింది?

ఎలుక కోసం. కాదంటే కప్ప కోసం, బల్లి కోసం. వాన నీళ్ళు కలుగులో నిండితే పొడి చోటు కోసం. మీ మీద కక్షతో కాదు. కోడిగుడ్లు, బియ్యం బస్తాలు, కుక్కకి పెట్టి వదిలేసిన అన్నం ఎలుకల్ని పిలుస్తాయి, ఎలుక పామును పిలుస్తుంది.

దారులు వెతకాలంటే సాయంత్రం లైటు తీసి గది లోపల నిలబడండి. తలుపు కింద నుంచి బయటి వెలుతురు ఎంత సందులో వస్తుందో చూడండి. ఆ సందులో చిటికెన వేలు పడితే చిన్న పాము పడుతుంది. ఏసీ పైపు కోసం గోడకి పెట్టిన కన్నం, జాలీ ఊడిపోయిన బాత్‌రూమ్ తూము, వాషింగ్ మెషిన్ నీళ్ళ గొట్టం. మా మిత్రుడు పాములు తీసిన ఇళ్ళలో సగానికి పైగా జాలీ లేని తూమే దారి. హార్డ్‌వేర్ షాపులో ఆ జాలీ ఖరీదు ఒక టిఫిన్ ఖర్చు. ఇటుకల కుప్ప, కట్టెల మోపు, పాత టైర్లు గోడకి ఆనించకుండా దూరంగా పెట్టండి. ఏడాదంతా తాళం వేసి, విదేశాల నుంచి సెలవులకి వచ్చి తెరిచే ఇళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. సూట్‌కేసులు దించేముందు ఒకసారి వంటింటి సింకు కింద, బాత్‌రూమ్ మూల టార్చి వేసి చూడండి.

పామును రానివ్వని మందులు ఏమైనా ఉన్నాయా?

వెల్లుల్లి, ఇంగువ, ఫినాయిల్, గంధకం, ఉప్పు గీత, కలరా ఉండలు, ఈశ్వరి మొక్క, కరెంటు బోర్డుకి పెట్టే శబ్దం మిషన్. ఇవన్నీ పెట్టిన ఇళ్ళలో నుంచి మేం పాములు పట్టాం. ఒకాయన గుమ్మానికి అటూ ఇటూ తెల్లటి గీత గీసి ఉంచాడు, పాము ఆ గీత మీదే పడుకుని ఉంది. యాసిడ్ లాంటివి చల్లితే నష్టం పాకే పిల్లలకే.

గిన్నెకోళ్ళు పెంచేవాళ్ళు మాత్రం తెలివైనవాళ్ళే. పామును చూస్తే అవి ఊరు లేచేలా అరుస్తాయి. అవి పామును ఆపవు, మనల్ని లేపుతాయి. దాంతోపాటు పొరుగువాళ్ళ నిద్ర కూడా పోతుందనేది వేరే గొడవ.

అపార్ట్‌మెంట్ మూడో అంతస్తుకి వస్తాయా?

అరుదు గానీ వస్తాయి. జెర్రిపోతు, తోడేలు పాము పైపుల మీదుగా, గోడకి అల్లిన తీగల మీదుగా ఎక్కగలవు. సెల్లార్‌లో బైకు సీటు కింద, హెల్మెట్‌లో, షూ స్టాండులో దూరడం ఇంకా ఎక్కువ. షూ వేసుకునే ముందు తిరగేసి దులపండి.

ఇంట్లో ఒక పిల్ల పాము దొరికింది. ఇంకా ఉంటాయా?

ఉండొచ్చు. నాగుపాము ఎండాకాలంలో గుడ్లు పెడుతుంది, దాదాపు రెండు నెలలకి పిల్లలు వస్తాయి. అందుకే మే, జూన్, జూలైల్లో జానెడు పాములు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. మెట్ల కింద, పాత గోడ సందులో గుడ్ల పెంకులు ఉన్నాయేమో పాములు పట్టేవాళ్ళ చేత చూపించండి. పిల్లలకి విషం ఉండదన్న మాట తప్పు. గుడ్డులోంచి బయటికొచ్చిన రోజు నుంచే నాగుపాము పిల్లకి పడగా ఉంటుంది, విషమూ ఉంటుంది.

వానపాములా నల్లగా మెరుస్తూ, బాత్‌రూమ్ తూములోంచి వచ్చే ఐదారు అంగుళాలది గుడ్డిపాము. చీమల గుడ్లు, చెదలు తింటుంది. దాన్ని కాగితం మీదికి తీసి మొక్కల్లో వదిలేయండి. బతికి ఉన్న మొత్తం కాలంలో అది ఎవరినీ కరవలేదు.

ఒక పామును చంపితే జంట పాము పగ పడుతుందా?

పాము ముఖాలు గుర్తుపెట్టుకోదు. అదే చోట రెండో పాము కనబడటానికి కారణం మీ ఎలుకలే, అవి ఇంకా అక్కడే ఉన్నాయి కాబట్టి. జత కట్టే కాలంలో ఆడపాము వాసన పట్టుకుని మగపాము రావడం కూడా ఉంది.

నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం. తాగుతాయా?

పాముకి పాలు ఆహారం కాదు. దాహంతో అల్లాడే పాము ఏ ద్రవమైనా తాగుతుంది, అది వేరే మాట. ఆంధ్రలో కార్తీకంలో చవితికి, తెలంగాణలో ఎక్కువగా శ్రావణ పంచమికి పుట్టకి వెళతాం. మా ఇంట్లోనూ వెళతాం, చలిమిడి, చిమ్మిలి పెడతాం. పుట్ట కన్నం నిండేలా చెంబులకి చెంబులు పోయకుండా, పుట్ట పక్కన కాస్త వదిలితే లోపలిదానికి ఊపిరాడుతుంది. చీమలు పెట్టిన పుట్ట పాములకి నెలవు అంటాం గానీ, ఆ పుట్ట కట్టింది చెదపురుగులు.

చంపేస్తే ఏమవుతుంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద పాముల్ని చంపడం, పట్టి ఉంచుకోవడం, అమ్మడం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, కర్రతో కొట్టడానికి పాము కాటు వేయగలిగేంత దగ్గరికి వెళ్ళాలి. చచ్చిందనుకున్న పాము తల కూడా కొంతసేపు కాటు వేయగలదు.

ఎవరిని పిలవాలి?

అటవీ శాఖ వాళ్ళనో, మీ ఊళ్ళో పాములు పట్టే స్వచ్ఛంద బృందాన్నో. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి ఈ పని చేస్తోంది. పిలిచేముందు ఒకటి గమనించండి. పామును మెళ్ళో వేసుకుని సెల్ఫీలు దిగేవాడిని కాక, కొక్కెం, గొట్టం, సంచీతో వచ్చి పది నిమిషాల్లో మాట్లాడకుండా పని చేసుకుపోయేవాడిని పిలవండి. నంబరు ఇవాళే తెలుసుకుని ఫ్రిజ్ మీద అంటించండి. పాము వచ్చాక వెతికితే ఫోను చేతుల్లో ఆగదు.

కాటు వేసింది. ఏం చేయాలి?

భయపడొద్దని చెప్పడం తేలిక, అయినా చెబుతున్నాను. విషం లేని పాములే ఎక్కువ. విషపు పాము కాటు వేసినా ప్రతిసారీ విషం దింపదు. కానీ ఇంట్లో కూర్చుని అది తేల్చుకోకూడదు.

ఉంగరాలు, గాజులు, మెట్టెలు, వాచీ వెంటనే తీసేయండి, వాపొచ్చాక రావు. కాటు పడిన కాలినో చేతినో కదపకుండా బద్దో గొడుగో పెట్టి వదులుగా కట్టండి. మనిషిని నడిపించకండి. 108 రావడం ఆలస్యమైతే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళండి. పాముకాటు గురించి అడగడానికి ఆంధ్రలో 15400 హెల్ప్‌లైన్ కూడా ఉంది. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, పసరు పోయడం, ఏదీ వద్దు. తాడు కట్టి తెచ్చిన కాళ్ళు నల్లబడటం నా కళ్ళతో చూశాను.

ప్రభుత్వ ఆసుపత్రిలో విరుగుడు ఇంజెక్షన్ ఉచితం. అక్కడ డాక్టరు సూదితో కొంచెం రక్తం తీసి గాజు ట్యూబులో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా పెడతారు. తర్వాత వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టకుండా నీళ్ళలా జారితే పింజర విషం పని చేస్తోందని అర్థం. బంధువులు ‘ఇరవై నిమిషాలుగా ఏమీ చేయట్లేదు’ అని గొడవ పడేది సరిగ్గా అప్పుడే. అది వైద్యమే, కాస్త ఆగండి. మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది. దానికి కావాల్సిన పాము విషంలో పెద్ద భాగం చెన్నై దగ్గర 1978లో పెట్టిన, పాములు పట్టే గిరిజనులైన ఇరుళర్ల సహకార సంఘం నుంచే వస్తోంది.

పామును కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళాలా?

వద్దు. చచ్చిన పామును సంచీలో వేసుకెళ్ళడానికి ఇంకొకడు కాటు తింటాడు. నాలుగు పాములకీ ఒకే మందు కాబట్టి, డాక్టరు లక్షణాలు చూసి వైద్యం చేస్తారు. దూరం నుంచి తీసిన ఫోటో ఉంటే చూపించండి, లేకపోతే దాని కోసం నిమిషం కూడా ఆగొద్దు. ఇంతసేపూ కట్లూ పొలుసులూ చెప్పిన నేనే అంటున్నాను: కాటు పడ్డాక ఏ పామో తేల్చుకోవడం మీ పని కాదు.

మంత్రం వేస్తే మా మావయ్య బతికాడే?

ఆయన్ని కరిచింది జెర్రిపోతో నీరుకట్టో అయివుంటుంది, లేదా నాగుపామే విషం దింపకుండా కరిచి ఉంటుంది. ఆ పేరు మంత్రానికి పోయింది. మా వీధి చివర ఒకావిడని కట్లపాము కరిస్తే వేపాకు తినిపించి, చేదు తెలుస్తోందా అని అడుగుతూ రెండు గంటలు కూర్చోబెట్టారు. ఆసుపత్రికి చేరేసరికి ఊపిరి ఆగింది.

ఒక పెద్ద అధ్యయనం లెక్క ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకి దాదాపు 12 లక్షల మంది చనిపోయారు, అంటే ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. 2018 ఆగస్టులో దివిసీమలో కాట్లు పెరిగినప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా చేశారు. యాగం చేయాలో వద్దో నేను చెప్పను. పొలం గట్లలో కలుగులు నీళ్ళతో నిండితే ఎలుకలూ పాములూ పైకి వస్తాయి, నాట్లు కలుపుతీతలూ అప్పుడే ఉంటాయి, చేతులు కనబడని చోట చెయ్యి పెడతాం. కాట్లు పెరిగేది అందుకు.

పొలం వెళ్ళేవాళ్ళకి ఏమైనా చెబుతారా?

గమ్ బూట్లు, టార్చి, చేతిలో కర్ర. గడ్డిమోపు ఎత్తేముందు కర్రతో కదపండి. రాత్రి కరెంటు ఇచ్చినప్పుడు మోటారు వేయడానికి పరిగెత్తే రైతుకి స్టార్టర్ బాక్సే పెద్ద గండం. బల్లులు దాంట్లో దూరతాయి, వాటి వెనక పాము. ముందు టార్చి లోపలికి వేసి, కర్రతో మూత తీసి, ఆ తర్వాతే వేలు పెట్టండి.

అటక మీద కుబుసం దొరికింది. పాము ఇంకా అక్కడే ఉందా?

కుబుసం విడిచాక పాము సాధారణంగా అక్కడే కూర్చోదు. కానీ ఆ దారి దానికి తెలుసు. కుబుసం సాగుతుంది, కాబట్టి అసలు పాము దానికంటే పొట్టిది. రంగులు పోయినా పొలుసుల అచ్చు ఉంటుంది. దీపం ముందు పట్టి వెన్నుగీత చూడండి. ఆరు పలకల పెద్ద పొలుసుల వరస కనబడితే కట్లపాముది, ఆ రాత్రి నుంచి దోమతెర దోపండి. అన్నీ ఒకే సైజులో ఉండి ఐదారడుగులు ఉంటే బహుశా జెర్రిపోతుది. మా అటక మీద దొరికింది అదే. పోయిన సంక్రాంతికి పిండివంటల డబ్బాలు దించేటప్పుడు చూశాం. మా ఆవిడ దాన్ని బీరువాలో పెడితే డబ్బు నిలుస్తుందంది. పెట్టింది. ఇప్పుడు బీరువా తెరిచినప్పుడల్లా పాత న్యూస్‌పేపర్ వాసన వస్తోంది.